యుద్ధం వద్దనే మీటింగులో మైకు ఎవరికి ఇవ్వాలి – చెన్నైలో నా అనుభవం

చెన్నైలో యుద్ధ వ్యతిరేక సభ పెట్టడం అంటే హాలు దొరకడం, పోలీసులు ఒప్పుకోవడం, జనం రావడం, ఇవే కష్టం అనుకుంటారు చాలామంది. అవన్నీ కష్టమే, కాదనను. కానీ అసలు తలనొప్పి వక్తల లిస్టు దగ్గర మొదలవుతుంది, అది ఎవరూ ముందు చెప్పరు. 2025 సెప్టెంబర్‌లో మా వాళ్ళం ఒక సభ పెట్టాం, దాని వెనక జరిగిందంతా రాస్తున్నాను, ఇలాంటి పని నెత్తికెత్తుకునే వాళ్ళకి ఎవరికైనా పనికొస్తుందేమో అని.

మాది పేరుకే కమిటీ. తమిళులు ఎక్కువ, నాలాంటి తెలుగోళ్ళు కొందరు, ఇద్దరు ముగ్గురు మలయాళీలు. రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంక్ అకౌంట్ లేదు, వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో గొడవలున్నాయి. నేను సూళ్ళూరుపేట వాడిని, పని అంబత్తూరులో, ఇల్లు పెరంబూరులో. తమిళం చదవడం రాయడం రెండూ వచ్చు కాబట్టి స్టేషన్‌కి లెటర్లు, హాలు వాళ్ళతో బేరాలు ఎప్పుడూ నా మీదే పడతాయి.

తేదీ సెప్టెంబర్ 21 అనుకున్నాం. ఐక్యరాజ్య సమితి శాంతి దినం అదే, పైగా ఆదివారం వచ్చింది. ఇంకో కారణం కూడా ఉంది. 1989లో సరిగ్గా అదే రోజు ఉత్తర శ్రీలంకలోని జాఫ్నాలో రజనీ తిరణగమ అనే డాక్టర్‌ని సైకిల్ మీద ఇంటికి వెళ్తుంటే కాల్చి చంపారు. జాఫ్నా యూనివర్సిటీలో అనాటమీ చెప్పేది, వయసు 35. మన తెలుగోళ్ళలో ఆవిడ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. మొదట్లో పులులకి, అంటే శ్రీలంకలో తమిళులకి విడి దేశం కావాలని తుపాకీ పట్టిన ఎల్‌టీటీఈకి, సాయం చేసిన మనిషే ఆవిడ, గాయపడ్డవాళ్ళకి వైద్యం చేసేది. తర్వాత శ్రీలంక సైన్యం ఏం చేసింది, శాంతి సేన పేరుతో అక్కడికి వెళ్ళిన మన ఇండియా సైన్యం ఏం చేసింది, పులులు ఏం చేశారు, మూడూ ఒకే చేత్తో రాసింది, సహోద్యోగులతో కలిసి. అదే ఆవిడ చేసిన నేరం. చంపింది పులులే అని ఆవిడతో పనిచేసినవాళ్ళు చెప్తారు.

గాజా ఒక్కదాని మీదే పెడదాం అని కొందరన్నారు, ఇప్పుడు నడుస్తున్నది అదే కదా అని. తమిళ మిత్రులు ఒప్పుకోలేదు. చెన్నైలో కూర్చుని గాజా గురించి ఏడ్చి, శ్రీలంక యుద్ధం చివరి రోజుల్లో తమిళ జనం చచ్చిపోయిన ముళ్ళివాయ్‌క్కాల్ గురించి నోరెత్తకపోతే వీధిలో నవ్వుతారు అన్నారు, నిజమే. 2009 జనవరి నుంచి మే దాకా ఆ చిన్న తీరపు ముక్కలో ఏం జరిగిందో ఇక్కడ టీ కొట్టువాడికి కూడా తెలుసు. శ్రీలంక ప్రభుత్వం తనే 'కాల్పులు ఉండవు' అని ప్రకటించిన చోట జనాన్ని చేరమని చెప్పి అక్కడే షెల్స్ వేసింది, ఆసుపత్రుల మీద వేసింది. 40,000 మంది దాకా మామూలు జనం చచ్చిపోయి ఉండొచ్చు అని 2011లో ఐరాస నిపుణుల ప్యానెల్ రిపోర్టు. అదే రిపోర్టులో ఇంకో పేజీ కూడా ఉంది, దాన్ని ఇక్కడ సభల్లో ఎవరూ చదవరు. పులులు ఆ జనాన్ని బయటికి పోనివ్వలేదు, తప్పించుకు పారిపోతుంటే కాల్చారు, చివరి రోజుల్లో పిల్లల్ని కూడా బలవంతంగా లాక్కెళ్ళి తుపాకీ చేతికిచ్చారు అని.

సరే, గాజా, ఉక్రెయిన్, శ్రీలంక మూడూ పెడదాం అనుకున్నాం. హాలు అద్దె, మైకు, టీలు, నోటీసులు కలిపి 30 వేలు దాటుతోంది, మా దగ్గర అందులో సగం కూడా లేదు.

సరిగ్గా అప్పుడు వచ్చింది ఆఫర్. ఈళం, అంటే శ్రీలంకలో తమిళులకి విడి దేశం, దాని కోసం ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఒక సంఘం, పేరు వద్దు. వాళ్ళ నాయకుడు మా కన్వీనర్‌కి ఫోన్ చేసి హాలు అద్దె మాది, సౌండ్ సిస్టం మాది, రెండు వ్యాన్ల జనం మాది, వచ్చేవాళ్ళకి టిఫిన్ కూడా మాదే అన్నాడు. బదులుగా ఆయనకి ఇరవై నిమిషాలు, స్టేజి వెనక ఫ్లెక్సీలో పులుల నాయకుడు ప్రభాకరన్ బొమ్మ. చివర్లో అందరూ లేచి నిలబడి వీరులకి నివాళి. మా కన్వీనర్ మొహం ఆ రోజు చూడాలి, పెళ్ళికి డబ్బు సర్దుబాటైన ఆడపిల్ల తండ్రిలా ఉంది.

ఆ ఆదివారం మా వాళ్ళింటి మేడ మీద కూర్చున్నాం, సాయంత్రం అనుకున్నది రాత్రి పది అయింది. ఒప్పుకుందాం అన్నవాళ్ళ వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు, అది ముందు చెప్పాలి. మాలో ఒక కుర్రాడు, మదురై వైపు వాడు, 2013 మార్చిలో కాలేజీ స్టూడెంట్లు రాష్ట్రమంతా రోడ్డెక్కినప్పుడు తను ప్లస్ టూ. ప్రభాకరన్ చిన్న కొడుకు, పన్నెండేళ్ళ పిల్లాడు, బంకర్‌లో కూర్చుని ఏదో తింటున్న ఫోటో, ఆ తర్వాత గుండెలో తూటాలతో పడున్న ఫోటో, అప్పుడు బయటికొచ్చాయి కదా. ఆ మదురై కుర్రాడు అన్నాడు, "అన్నా, ఆ ఫోటో చూసి నేను ఈ పనుల్లోకి వచ్చాను, గాంధీ గారి పుస్తకం చదివి రాలేదు. వీళ్ళు లేకపోతే ఈ రాష్ట్రంలో ఆ జనం గురించి మాట్లాడేవాళ్ళే లేరు, పెద్ద పార్టీలు ఎలక్షన్‌కి ఒకసారి మాట్లాడతాయి. ఇప్పుడు మనం శుభ్రంగా ఉన్నాం అని చూపించుకోడానికి వీళ్ళని బయట నిలబెడతామా?" దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఎవరి దగ్గరా లేదు, కాసేపు అందరూ ఫోన్లు చూసుకున్నారు.

అప్పుడు మా మాష్టారు మాట్లాడారు. పెరంబూరు తెలుగు స్కూల్లో చెప్పి రిటైరయ్యారు, ఎప్పుడూ చివర్లోనే నోరు విప్పుతారు. ఇది మన దగ్గర ఎప్పుడో జరిగిన గొడవే కదరా అన్నారు. బాలగోపాల్ గారు పౌర హక్కుల సంఘం ఏపీసీఎల్‌సీలో ఏళ్ళ తరబడి ఎన్‌కౌంటర్ల మీద తిరిగారు, పోలీసుల చేత దెబ్బలు తిన్నారు, కిడ్నాప్ కూడా అయ్యారు. అలాంటి మనిషి నక్సలైట్లు చేసే హత్యల గురించి కూడా మనం మాట్లాడాలి అన్నందుకు సొంత వాళ్ళే ఆయన్ని అనుమానంగా చూశారు, చివరికి బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టుకోవాల్సి వచ్చింది. ఇటు ఎస్.ఆర్. శంకరన్ గారు, ఆయన తమిళుడే. 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎత్తుకుపోయిన ఐఏఎస్‌లలో ఆయన ఒకరు. ఆయనే పదేళ్ళ తర్వాత కన్సర్న్‌డ్ సిటిజన్స్ కమిటీ పెట్టి ప్రభుత్వాన్నీ నక్సలైట్లనీ ఇద్దర్నీ కూర్చోబెట్టాలని తిరిగారు, 2004 చర్చల దాకా లాక్కొచ్చారు. మాష్టారు అన్నది ఏంటంటే, శంకరన్ గారు తుపాకీ ఉన్నవాళ్ళతో మాట్లాడారు, ఉత్తరాలు రాశారు, వాళ్ళ మొహం మీదే తప్పులు అడిగారు, కానీ ఆయన స్టేజి మీద వాళ్ళ జెండా లేదు. మాట్లాడటానికి ఎవరితోనైనా కూర్చుందాం, ఆ సంఘం నాయకుడి దగ్గరికి నేనే వస్తాను, మన పేరు రాసున్న గోడ మీద తుపాకీ మనిషి బొమ్మ మాత్రం నాకొద్దు అన్నారు.

ఓటింగ్ పెట్టలేదు. పెడితే విడిపోయేవాళ్ళం. ముందు లాయర్ని అడుగుదాం అని వాయిదా వేశాం, ఇలాంటి కమిటీలన్నీ చేసే పనే.

లాయర్ మేడం ఆఫీసు హైకోర్టు ఎదురు సందులో. నేనూ మాష్టారూ వెళ్ళాం. ఆవిడ చెప్పింది చాలామంది తెలుసుకోవాల్సిన విషయం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఎల్‌టీటీఈ మీద నిషేధం 1992 నుంచి ఉంది, రాజీవ్ గాంధీ హత్య జరిగిన మరుసటి ఏడాది నుంచి, 2024 మేలో ఇంకో అయిదేళ్ళు పొడిగించారు. ఉగ్రవాదం మీద ఉన్న ఉపా (యూఏపీఏ) చట్టంలో 39వ సెక్షన్ అని ఉంది, నిషేధిత ఉగ్రవాద సంస్థకి మద్దతు కూడగట్టడం గురించి. మాట్లాడినవాడు ఒక్కడే కాదు, అలాంటి మీటింగ్ ఏర్పాటు చేసినవాళ్ళు, సాయం చేసినవాళ్ళు కూడా అందులోకి వస్తారు, పదేళ్ళ దాకా జైలు. అయితే ఊరికే భయపడక్కర్లేదు అని కూడా చెప్పింది. తమిళ నాయకుడు వైకోని 2002లో తిరుమంగళంలో పులుల గురించి చేసిన స్పీచ్‌కి పోటా అనే అప్పటి ఉగ్రవాద వ్యతిరేక చట్టం కింద పట్టుకుని ఏడాదిన్నర పైగా వేలూరు జైల్లో పెట్టారు కదా, ఆ చట్టం మీద వేసిన కేసులో 2003 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, ఉగ్రవాద పనులకి ఊతమివ్వాలనే ఉద్దేశం లేకుండా ఊరికే మాటల్లో సానుభూతి చూపించడం నేరం కాదు అని. 2017లో మెరీనాలో ముళ్ళివాయ్‌క్కాల్ చనిపోయినవాళ్ళకి నివాళి పెట్టబోయిన ఉద్యమకారుడు తిరుమురుగన్ గాంధీ మీద గూండా చట్టం వేశారు, అది కూడా హైకోర్టులో నిలబడలేదు. కాబట్టి కేసు పెడతారు, తిప్పుతారు, కొన్నేళ్ళకి కొట్టేస్తారు, ఆ తిప్పడమే శిక్ష అంది.

ఇంకో మాట అంది, అది నాకు బాగా పనికొచ్చింది. "మీ గాజా సెషన్ సంగతేంటి? హమాస్ మీద మన దేశంలో నిషేధం లేదు. రేపు ఎవరైనా స్టేజి ఎక్కి వాళ్ళని పొగిడితే నా చట్టం మీకు అడ్డం రాదు. పోలీసులకి భయపడి ఒకరిని ఆపి, భయం లేదని ఇంకొకరిని ఎక్కిస్తే మీది రూల్ కాదు, పిరికితనం. మీకేం కావాలో మీరు తేల్చుకోండి, చట్టాన్ని అడ్డం పెట్టుకోకండి." ఫీజు తీసుకోలేదు, కాఫీ కూడా ఆవిడే తెప్పించింది.

ఈ లోపల గుమ్మిడిపూండి వెళ్ళాను. మా ఊరు లోకల్ ఎక్కితే దారిలోదే. అక్కడ శ్రీలంక తమిళుల క్యాంపు ఉంది, ఇప్పుడు పునర్వాస శిబిరం అంటున్నారు, పేరు మారింది గానీ మనుషుల కాగితాలు మారలేదు. అందులో ఒక అక్క నాకు చాలా ఏళ్ళుగా తెలుసు, వాళ్ళాయన పెయింటింగ్ పనికి పోతాడు, మా ఇంటికి రంగులు వేసింది ఆయనే. ఉత్తర శ్రీలంకలోని వన్నిలో పుట్టింది, 2006లో యుద్ధం మళ్ళీ మొదలైనప్పుడు పడవలో రామేశ్వరం వైపు వచ్చేసింది. అక్కడే ఉండిపోయిన చెల్లెలి కొడుకుని, పదహారేళ్ళ వాడిని, ఇంటికొకరు రావాలి అని పులులు తీసుకుపోయారు. చెల్లెలు మాత్రం షెల్ పడి పోయింది, ఆర్మీ వేసిన షెల్. ఆ పిల్లాడు ఏమయ్యాడో ఇవాళ్టికీ తెలీదు. అంటే ఒకే ఇంట్లో ఇద్దరు, చెరో వైపు నుంచీ పోయారు.

మా సభలో మాట్లాడతావా అక్కా అని అడిగాను. పేరు చెప్పకుండా, ఫోటో లేకుండా అయితే వస్తాను అంది. తర్వాత ఇంకా ఎవరొస్తున్నారు అని అడిగింది. ఆ సంఘం పేరు చెప్పాను. టీ గ్లాసులు తీసి లోపల పెట్టొచ్చి, వాళ్ళొస్తే నేను రాను తంబీ అంది. కోపంగా చెప్పలేదు. వాళ్ళు వస్తే వెనకే క్యూ బ్రాంచ్ వాళ్ళు, అంటే నిఘా పోలీసులు, వస్తారు, ఎవరెవరు వచ్చారో రాసుకుంటారు, క్యాంపులో మాకు రోల్ కాల్ ఉంది, రేపు నా కూతురి కాలేజీ సర్టిఫికెట్‌కో, పాస్‌పోర్ట్ పనికో ఆ కాగితం అడ్డం పడితే వాళ్ళెవరైనా వచ్చి అడుగుతారా? ఆ బొమ్మ కింద నిలబడి నా చెల్లెలి గురించి చెప్తే చప్పట్లు కొడతారు, ఆ పిల్లాడి గురించి చెప్తే ఏం చేస్తారు?

ఒక ట్రైన్ వదిలేసి తర్వాతది ఎక్కాను. మేడ మీద మేం మాట్లాడిందంతా 'ఆయన్ని పిలవాలా వద్దా' అనే. ఆయన్ని పిలిస్తే ఇంకెవరు రారో ఎవరం లెక్క వేయలేదు. స్టేజి అంటే ఖాళీ కుర్చీ కాదు, ఒకళ్ళు కూర్చుంటే ఇంకొకళ్ళకి ఆ హాల్లోకి వచ్చే ధైర్యం పోతుంది. అప్పట్నుంచి నేను ఎటు వైపో నాకు తేలిపోయింది.

గ్రూపులో ఇదంతా పెట్టాను, అక్క వివరాలు లేకుండా. పెద్ద గొడవ. ఎవరో లండన్ సంగతి పెట్టారు. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దని అక్కడ లక్షల మంది నడిచారు, మామూలు జనం, పిల్లల్ని భుజాలెక్కించుకుని. 2006లో లెబనాన్ యుద్ధం అప్పుడు అదే వీధుల్లో లెబనాన్ సాయుధ సంస్థ పేరుతో 'మనమందరం హిజ్బుల్లానే' అని ప్లకార్డులు కనిపించాయి. మధ్యలో ఇంకోటి జరిగింది. ఇరాక్‌లో హాదీ సాలేహ్ అని కార్మిక నాయకుడు, సద్దాం పార్టీ పాలనలో మరణ శిక్ష పడి, అది తప్పాక పరాయి దేశం వెళ్ళిపోయినవాడు, సద్దాం పడిపోయాక తిరిగొచ్చి యూనియన్లు కడుతుంటే 2005 జనవరిలో బాగ్దాద్‌లో ఇంట్లోకి చొరబడి హింసించి చంపారు. అప్పటికి బయటి దేశాల్లో కొంతమంది యుద్ధ వ్యతిరేకులకి అక్కడ తుపాకీ పట్టిన ప్రతివాడూ 'ప్రతిఘటన'. మరి హాదీ సాలేహ్‌ని ఏ లెక్కలో వేస్తారు? నేనిది గ్రూపులో అడిగితే ఒకాయన 'అమెరికా దాడి చేయకపోతే అదంతా జరిగేదే కాదు' అని రాశాడు. అవును, జరిగేది కాదు. అయినా చంపినవాడు చంపినవాడే కదా.

చివరికి మాష్టారూ నేనూ లాయర్ మేడం కూర్చుని ఒక కాగితం రాశాం. అందరికీ ఒకటే షరతు. స్టేజి మీద మాట్లాడేవాళ్ళు ఏ వైపు వాళ్ళైనా సరే, ముందే మాకు ఒక ప్రశ్నకి జవాబు చెప్పాలి: మీరు సమర్థించే వైపు వాళ్ళు చంపిన మామూలు మనుషుల గురించి, ఒక సంఘటన పేరు చెప్పి, అది తప్పు అని మా స్టేజి మీద అంటారా? అంటే రండి. అననంటే కింద కుర్చీ ఉంది, ప్రశ్నల టైంలో మైకు మీ దగ్గరికే వస్తుంది, ఎవరూ లాక్కోరు. ఏ సంస్థ జెండా, ఏ నాయకుడి బొమ్మ ఉండవు. డబ్బు ఎవరి దగ్గర తీసుకున్నా స్టేజికీ దానికీ సంబంధం ఉండదు. మదురై కుర్రాడు చదివి, 'వినడానికి బానే ఉంది, ఎవరు ఒప్పుకుంటారో చూద్దాం' అన్నాడు.

ఆ నాయకుడి ఆఫీసుకి మేం ముగ్గురం వెళ్ళాం, వడపళని దగ్గర. గోడ నిండా 2009 ఫోటోలు. మనిషి మర్యాదస్తుడు, మాష్టారుని చూసి లేచి నిలబడి అయ్యా అని కుర్చీ వేశాడు. కాగితం రెండు సార్లు చదివాడు. మాష్టారు మెల్లిగా అడిగారు, "1990 ఆగస్టు 3న తూర్పు శ్రీలంకలో కాత్తాన్‌కుడి మసీదుల్లో నమాజు చేసుకుంటున్నవాళ్ళు వందమందికి పైగా చచ్చిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో అక్కడి ఉత్తర రాష్ట్రం నుంచి ముస్లింలందర్నీ పులులు తరిమేశారు, 70 వేలకి పైగా జనం, జాఫ్నాలో అయితే రెండు గంటల టైం ఇచ్చారు. వాళ్ళు కూడా తమిళమే మాట్లాడతారు. ఈ రెంటిలో ఒక్కటి మా స్టేజి మీద తప్పు అంటారా?"

ఆయన తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. మసీదు పని పులులు ఒప్పుకోలేదు, తరిమేసింది తప్పని తర్వాత వాళ్ళ వాళ్ళే అన్నారు, ఇవన్నీ మనలో మనం మాట్లాడుకుందాం, బయట మాట్లాడితే సింహళ ప్రభుత్వం వాడుకుంటుంది అన్నాడు. మరి కోడంబాక్కంలో పులులు చంపిన పద్మనాభ, ఇంకో ఈళం సంస్థ నాయకుడు? 1990 జూన్‌లో మన ఊళ్ళోనే, ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, వాళ్ళూ ఈళం కోసం పోరాడినవాళ్ళే కదా అన్నాను నేను. అప్పుడు మాత్రం నా వైపు చూసి, "తంబీ, నువ్వు తెలుగువాడివి, నీకిది లెక్కల పుస్తకం, మాకు ఇంట్లో శవం" అన్నాడు. ఆ మాటకి నాకు కోపం రాలేదు. గుమ్మిడిపూండి అక్క ఇంట్లో రెండు శవాలు, ఆవిడ నన్ను తెలుగువాడివి అనలేదు, అది మాత్రం గుర్తొచ్చింది, చెప్పలేదు. ఆయన స్టేజి వద్దన్నాడు, డబ్బూ ఇవ్వనన్నాడు, అది ఆయన హక్కే. కింద వరకూ వచ్చి మాష్టారుకి ఆటో పిలిచాడు.

ఇక రెండో చిక్కు మేం అనుకోనిది. మా కన్వీనర్‌కి తెలిసిన ఒక రిటైర్డ్ సుబేదార్, నెల్లూరు జిల్లా ఆయన, 1987లో శాంతి సేనలో లంక వెళ్ళినవాడు. ఆయన వస్తానన్నాడు. ఇండియా సైనికుడు ముళ్ళివాయ్‌క్కాల్ సభలో ఏంటి అని సగం మంది ఎగిరారు. రూల్ రూలే కదా, ఆయన్నీ అదే ప్రశ్న అడిగాం. 1987 అక్టోబర్ 21న జాఫ్నా ఆసుపత్రిలోకి మన సైన్యం చొరబడి డాక్టర్లని, నర్సులని, మంచాల మీదున్న పేషెంట్లని చంపింది, 60 మందికి పైగా. ఆయన చాలాసేపు ఆలోచించి, "నేనప్పుడు వేరే చోట ఉన్నాను బాబూ, కానీ విన్నాను. తప్పే. చెప్తాను. మావాళ్ళు వెయ్యి మందికి పైగా పోయారు అక్కడ, అది కూడా చెప్పనిస్తారా?" అన్నాడు. చెప్పండి అన్నాం. అక్కకి ఫోన్ చేసి ఆర్మీ ఆయన వస్తున్నాడు, నీకు ఇబ్బందా అని అడిగితే, 'యూనిఫాం వేసుకుని రాకపోతే చాలు' అంది.

దీంతో మా గ్రూపులోంచి ఇద్దరు వెళ్ళిపోయారు, మదురై కుర్రాడు ఒకడు. ఆక్రమించిన సైన్యం వాడికి మైకు, పోరాడినవాళ్ళకి కింద కుర్చీనా అని రాసి లెఫ్ట్ అయ్యాడు. వాడి మాట పూర్తిగా తప్పని ఇవాళ్టికీ అనలేను. మేం అడిగిన ప్రశ్న ఇద్దరికీ ఒకటే, కానీ ఆ సుబేదార్ వెనక ఒక దేశం ఉంది, పెన్షన్ ఉంది, తప్పు ఒప్పుకుంటే ఆయనకి పోయేది తక్కువ. ఈ తేడా మా కాగితంలో ఎక్కడా లేదు.

గాజా సెషన్‌కి వచ్చే స్టూడెంట్ల పోస్టర్ చూస్తే అందులో పారాగ్లైడర్ బొమ్మ ఉంది. 2023 అక్టోబర్ 7న హమాస్ వాళ్ళు కంచె దాటొచ్చిన పారాగ్లైడర్. ఆ రోజు ఇజ్రాయెల్‌లో 1,200 మంది దాకా చచ్చిపోయారు, ఎక్కువమంది మామూలు జనం, 250 మంది దాకా బందీలు. తర్వాత గాజాలో చనిపోయినవాళ్ళు మా సభ నాటికే 60,000 దాటారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క, ఆకలితో పోయినవాళ్ళూ ఉన్నారు. స్టూడెంట్ అమ్మాయి, బాగా చదువుకున్నది, గట్టిగానే వాదించింది, "ఆక్రమణ కింద ఉన్నవాళ్ళకి ఎలా పోరాడాలో మనం చెప్పకూడదు అంకుల్." మాష్టారు, "చెప్పకూడదు సరే అమ్మా, చప్పట్లు కొట్టాలని ఎక్కడుంది?" అన్నారు. నేను వివియన్ సిల్వర్ గురించి చెప్పాను. గాజా సరిహద్దు దగ్గర ఇజ్రాయెల్ వైపు బేరీ కిబుట్జ్ అనే ఊళ్ళో ఉండే పెద్దావిడ, గాజా పేషెంట్లని చెక్‌పోస్ట్ నుంచి ఇజ్రాయెల్ ఆసుపత్రులకి కార్లో తీసుకెళ్ళేది, శాంతి కోసం ఆడవాళ్ళ సంఘం పెట్టినవాళ్ళలో ఒకరు, ఆ రోజు చచ్చిపోయినవాళ్ళలో ఆవిడ ఉంది. 2025 మార్చిలో బేత్ లాహియాలో గాజా జనమే యుద్ధం ఆపండి, హమాస్ పోవాలి అని వీధుల్లో అరిచారు, బాంబులు పడుతుండగానే. వాళ్ళ పక్కన నిలబడాలంటే పారాగ్లైడర్ పనికొస్తుందా? ఆ అమ్మాయి రాత్రంతా ఆలోచించిందో, వాళ్ళలో వాళ్ళు ఏం కొట్టుకున్నారో తెలీదు, పొద్దున కొత్త పోస్టర్ వచ్చింది, ఖాళీ గిన్నె పట్టుకున్న పిల్ల బొమ్మతో.

పోలీస్ పని గురించి ఎక్కువ రాయను. వీధిలో పెట్టాలంటే అయిదు రోజుల ముందు లెటర్ ఇవ్వాలి, సిటీ పోలీస్ చట్టం 41 కింద. నాలుగు గోడల మధ్య అంటే అంత పట్టింపు ఉండదు గానీ, హాలు వాళ్ళు స్టేషన్ సీల్ ఉన్న కాగితం లేకుండా తాళం తీయరు. ఇన్‌స్పెక్టర్ గారు వక్తల లిస్టు చూసి, ఈళం మీటింగ్ అన్నావు, ఆ ఫలానా సంఘం లేదేంటి అని ఆశ్చర్యపోయాడు. లేదు సార్ అన్నాను. ఆర్మీ ఆయన పేరు చూసి ఇంకా అయోమయంలో పడ్డాడు. సీల్ వేశాడు. అయినా ఆ రోజు హాలు బయట సఫారీ చొక్కాల వాళ్ళు ఇద్దరు టీ తాగుతూనే ఉన్నారు.

సభకి జనం మేం భయపడినదానికన్నా ఎక్కువే వచ్చారు, వాళ్ళ రెండు వ్యాన్లు వచ్చి ఉంటే ఉండేంత మాత్రం కాదు. అక్క స్టేజి ఎక్కలేదు. బయట ఆ ఇద్దర్నీ చూసి వెనక వరసలో కూర్చుండిపోయింది. ఆవిడ చెప్పదలుచుకున్నది ముందే నాకు చెప్పి ఉంది కాబట్టి మా మలయాళీ మిత్రురాలు ఒకావిడ పేర్లు లేకుండా చదివింది. చెల్లెలి దగ్గర హాల్లో కొంతమంది కళ్ళు తుడుచుకున్నారు. పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో ఒకాయన లేచి అబద్ధం అని అరిచాడు. మైకు ఆయన దగ్గరికి పంపించాం, రూల్ ప్రకారం. మాట్లాడాడు, పులులు లేకపోతే జాఫ్నా లైబ్రరీ తగలబడినప్పుడే తమిళుడి పని అయిపోయేది అన్నాడు, 1983 జూలైలో తమిళుల మీద జరిగిన ఊచకోత గురించి చెప్పాడు, అవన్నీ నిజాలే. ఆ పిల్లాడి గురించి మాత్రం ఏమీ అనలేదు. సుబేదార్ గారు ఆసుపత్రి మాట చెప్పారు, ఒక్క వాక్యంలో, గొంతు తడబడింది, తర్వాత తన దోస్తుల పేర్లు చదువుకుంటూ పోతే ఆపాల్సి వచ్చింది.

డబ్బు లోటు ఇంకా ఉంది. మైకు వాళ్ళకి కొంత బాకీ, దీపావళికి అడిగారు, సంక్రాంతికి అన్నాం.

నవంబర్‌లో ఆ సంఘం వాళ్ళు సొంతంగా సభ పెట్టారు, మదురై కుర్రాడు అందులో వాలంటీర్. నాకు వాడే నోటీసు పంపాడు, రా అన్నా అని. వెళ్ళాను, కింద కుర్చీలో కూర్చున్నాను, మనం అడిగినది మనమూ చేయాలి కదా. ప్రశ్నలు చీటీల మీద రాసి ఇవ్వమన్నారు. కాత్తాన్‌కుడి గురించే రాసిచ్చాను. వాడే వచ్చి చీటీ తీసుకున్నాడు, చదివాడు, నవ్వాడు, తీసుకెళ్ళి స్టేజి మీద పెట్టాడు. చీటీలు చాలా ఉన్నాయి, టైం అయిపోయింది అన్నారు. బయటికొచ్చాక వాడూ నేనూ టీ తాగాం, వాడే డబ్బులిచ్చాడు, "అన్నా, జనవరి మీటింగ్ నోటీసు తమిళంలో నేను రాసిస్తాలే, నీ తమిళంలో తప్పులుంటాయి" అన్నాడు.